పొద్దు తెలిసిన మొక్కలు

రేపు శివరాత్రి. పొద్దున ఆరుంబావు. హైదరాబాద్ వనస్థలిపురంలో ఒక రెండంతస్తుల ఇంటి మిద్దె మీదికి ఇనుప మెట్లెక్కి వచ్చారు మీరు. తూర్పున నీళ్ల ట్యాంకు వెనక వెలుగు ఇప్పుడిప్పుడే పసుపెక్కుతోంది. చెప్పులు మెట్ల దగ్గరే వదిలేయండి. పాదాల కింద సిమెంటు చల్లగా తగులుతోంది. రెండు నెలలు పోతే మధ్యాహ్నం ఇదే సిమెంటు మీద వట్టి కాళ్లతో నాలుగడుగులు వేయలేరు. ఇప్పుడు ఈ తోటలో మీరు చూడబోయే పనులన్నీ రాబోయే ఆ ఎండ కోసం జరుగుతున్నవే.

సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న ఊరు కాబట్టి ఫిబ్రవరిలో ఇంకా రాత్రిళ్లు దుప్పటి అవసరమవుతుంది. ఏప్రిల్‌లో పగటి వేడి 38 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. మే నెలలో 40 దాటే రోజులూ ఉంటాయి. దక్కన్‌లో వసంతం అంటే ఈ రెండింటి నడుమ దొరికే కొద్ది వారాలే. ఆ కొద్ది వారాల్లో ఏ గింజ ఎప్పుడు మట్టిలో పడాలో, ఏ పువ్వు దగ్గరికి ఏ వేళకు వెళ్లాలో తెలిసినవాళ్లకే ఈ మిద్దె మీద కాయ దొరుకుతుంది.

మా అమ్మ మీకంటే ముందే వచ్చి కూర్చుంది. గోనెపట్టా పరుచుకుని, గుప్పెడు ధనియాలు గుడ్డలో మూటగట్టి, దాని మీద చపాతీ కర్ర దొర్లిస్తోంది. కాస్త వంగి వినండి. సన్నగా చిటపటమంటోంది. ధనియాలు బద్దలవుతున్న చప్పుడది. పైకి ఒకే గింజగా కనిపించినా లోపల రెండు విత్తనాలుంటాయి. విడగొట్టి వేస్తే రెండూ తొందరగా మొలుస్తాయి.

"గట్టిగ ఒత్తకు బిడ్డా, పిండైతది," అంటూ కర్ర మీ చేతికిస్తుంది.

ఈ ఏటికి ఇదే ఆఖరి కొత్తిమీర. మొలకకు పది రోజులు, కోతకు ఐదారు వారాలు పడుతుంది. ఇప్పుడు వేస్తే ఉగాది దాటిన వారంలో చేతికొస్తుంది. ఇంకో రెండు వారాలు ఆగి వేసినా మొలుస్తుంది గానీ ఆకు నిలవదు. వేడి తగలగానే కాడ సాగి, ఆకు సన్నబడి, తెల్లపూలు పూసి, గింజ కట్టడానికి తొందరపడుతుంది. అందుకే ఈ విడతకు తూర్పు గోడ మూల పెట్టింది అమ్మ. అక్కడ పదింటి వరకే ఎండ, ఆ తర్వాత ట్యాంకు నీడ. పుదీన డబ్బా కూడా అక్కడే ఉంది. ఒక రెమ్మ తుంచి నలిపి చూడండి. శీతాకాలపు పుదీనకు ఉండే ఈ ఘాటు వైశాఖంలో ఉండదు.

పక్క మడిలో తోటకూర. దాని గింజ ఆవగింజలో పావు వంతు కూడా ఉండదు. అరచేతిలోంచి నేరుగా చల్లితే ఒకచోట గుంపు, ఒకచోట ఖాళీ. అందుకే నాలుగు పిడికిళ్ల పొడి ఇసుకలో ఒక చెంచా గింజలు కలిపి, ముగ్గు వేసే వేళ్లతోనే ఇసుకను రాలుస్తుంది. పైన మట్టి కప్పదు. అరచేతితో ఒకసారి తట్టి, నీళ్లు చిలకరించి లేస్తుంది. ఈ మొక్కకు మాత్రం రాబోయే ఎండ చుట్టమే. వేడి ఎక్కినకొద్దీ ఇంకా చురుగ్గా పెరుగుతుంది. నెలలోపే మొదటి కోత.

ఇక్కడే ఒకసారి మిద్దె అంతా కలయజూడండి. నడిమధ్యన ఒక్క మడి కూడా లేదు. అన్నీ పిట్టగోడల వెంటే, కింద గోడలూ దూలాలూ ఉన్నచోటే ఉన్నాయి. ఒక ఘనపుటడుగు తడిమట్టి 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. రెండడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, అడుగు లోతు మడి కడితే, మొక్క పెట్టకముందే ముప్పావు టన్ను. అందుకే ఎర్రమట్టిలో పశువుల ఎరువుతో పాటు తేలిక కోసం కొబ్బరిపొట్టు కలుస్తుంది. మడి కూడా నేరుగా స్లాబు మీద ఆనదు, ఇటుకల ఎత్తు మీద ఉంటుంది. కింద గాలి ఆడి తడి ఆరిపోవాలి. కథారచయిత తుమ్మేటి రఘోత్తమ రెడ్డి నారపల్లిలో తన ఇంటి పైన పండించి రాసిన 'మిద్దెతోట' పుస్తకం చదివాకే అమ్మ ఈ ఇటుక మడులు కట్టించింది. అంతకు ముందు అన్నీ పగిలిన బకెట్లూ పెయింటు డబ్బాలే.

హోళి వారం. పొద్దున ఎనిమిది. సిమెంటు ఇప్పుడు గోరువెచ్చగా ఉంది.

చిక్కుడు పాదుకిది ఆఖరి కాపు. ఒక లేత కాయను పట్టుకోండి. వేళ్లకు జిగురంటింది. తొడిమ చుట్టూ నల్లగా, కిక్కిరిసి పేనుబంక. మీ చూపు మూలనున్న స్ప్రేయర్ మీదికి పోయింది. అమ్మ మాత్రం మరో ఆకు తిప్పి చూపిస్తుంది. దాని మీద నల్లగా, ముళ్లముళ్లుగా, వీపు మీద నారింజ మచ్చలతో ఒక పురుగు పాకుతోంది. చూస్తే నలిపేయాలనిపించే రూపం. కానీ అది అక్షింతల పురుగు పిల్ల. నల్లచుక్కల ఎర్రపురుగును అందరూ గుర్తుపట్టి వదిలేస్తారు. దాని పిల్లను గుర్తుపట్టక చంపేస్తారు. పెద్దదయ్యేలోపు అది వందల పేనుబంకను తింటుంది. ఆకు మెల్లగా వదిలేయండి. మూడు రోజుల తర్వాత ఇదే కాయ చూస్తే నల్లదనం సగం పోయి ఉంటుంది.

వంగమొక్కకు పట్టిన పిండినల్లి సంగతి వేరు. దాన్ని చీమలు కాపలా కాస్తాయి, దాని తీపి నీళ్ల కోసం ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మోసుకెళ్తాయి. దీనికి వేపనూనె కొట్టాల్సిందే. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు, నూనె నీళ్లలో కలవడానికి కొద్దిగా సబ్బునీళ్లు. కొట్టడం మాత్రం సాయంత్రమే. ఎండలో కొడితే ఆకు మాడుతుంది, వేపలోని మందుగుణమూ వెలుగుకు త్వరగా విరిగిపోతుంది.

బెండ వరసలోకి రండి. అర్కా అనామిక రకం. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ పల్లాకు తెగులును తట్టుకునేలా తయారు చేసింది. తెల్లదోమ మోసుకొచ్చే ఆ తెగులు తగిలితే ఈనెలన్నీ పసుపెక్కి, కాయ కూడా పాలిపోతుంది. బెండపువ్వు ఇప్పుడే విచ్చుకుంది. లేత పసుపు రేకులు, అడుగున ముదురు ఎరుపు. మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. తన పుప్పొడి తనకే చాలు, ఎవరూ రానక్కర్లేదు. నాలుగైదు రోజులకు వేలెడంత కాయ. ఆరో రోజు కోయకపోతే పీచు పడుతుంది. ఊరికెళ్లేవాళ్లు బెండ పెట్టకూడదని అమ్మ నమ్మకం. నేనూ ఒప్పుకుంటాను.

పందిరి మీద సొరతీగ. సంక్రాంతికి గింజ పెట్టింది, ఇప్పటికే పిట్టగోడ దాటింది. అమ్మ దాని మొదటి తీగ కొసను ఎప్పుడో గిల్లేసింది. పక్కనుంచి వచ్చిన కొమ్మల కొసలనూ ఇవాళ గిల్లుతోంది. మిద్దెతోటలవాళ్లు దీన్ని త్రీజీ కటింగ్ అంటారు. మొదటి తీగ నిండా మగపూలే ఉంటాయి. కొమ్మకు పుట్టిన కొమ్మ మీద ఆడపూలు ఎక్కువ వస్తాయి. ఎండ పెరిగినకొద్దీ, పగలు సాగినకొద్దీ పాదుజాతి తీగలన్నీ మగపూల వైపే మొగ్గుతాయి. అందుకే ఈ గిల్లుడంతా చైత్రం రాకముందే కావాలి.

ఉగాది సాయంత్రం. ఆరు దాటింది.

పొద్దున వీధి చివరి వేపచెట్టు కింద దులిపి తెచ్చిన పూతతో పచ్చడి చేసుకోవడం అయింది, పంచాంగం వినడం అయింది. ఇంట్లోవాళ్లంతా కింద టీవీ ముందున్నారు. మీరు పైకి రండి. ఇవాళ చూడాల్సింది ఇక్కడే ఉంది.

పందిరి కింద నిలబడి తల ఎత్తండి. ఆకుల నడుమ పొడవాటి కాడల మీద, తెల్లటి కొసలు బయటపెట్టి, మెలితిరిగిన మొగ్గలు కనిపిస్తాయి. ఒకదాన్ని ఎంచుకుని కళ్లు తిప్పకండి. పొద్దు పడమటికి వాలుతోంది. మొగ్గ మెలిక కొద్దిగా సడలింది. ఒక రేకు అంచు విడివడింది. ఇంకొంచెంసేపు. ఇప్పుడు రెండోది. మీ ఎదురుగానే ఐదు రేకులూ వెనక్కి వాలాయి. నలిగినట్టుండే పల్చని తెల్లరేకులు, మసక వెలుతురులో ఇంకా తెల్లగా. పందిరి పొడుగునా ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి.

ఇప్పుడు ఆడపువ్వును వెతకండి. పొట్టి కాడ, పువ్వు వెనకాల నూగుతో నిండిన చిటికెనవేలంత సొరకాయ. అలాంటివి ఇవాళ మూడున్నాయి. మగపూలు పదికి పైనే. అయినా వదిలేస్తే కాయ పట్టడం అనుమానమే. సొరపువ్వు రాత్రి తిరిగే రెక్కల పురుగుల కోసం చీకట్లో తెల్లగా పూస్తుంది. పగటి తేనెటీగలు ఈపాటికి గూళ్లకు చేరాయి. పొలం గట్టు మీదైతే ఆ రాత్రి పురుగులు వస్తాయి. వీధిదీపాల ఊళ్లో, మూడో అంతస్తు ఎత్తున, వాటి మీద ఆశ పెట్టుకుని ఆనిగెపుకాయ (సొరకాయ) కూర వండుకోలేం.

"మగపువ్వు తెంపు. రేకులు ఎనుకకు మలువు," అంటుంది అమ్మ.

తెంపి, రేకులు వెనక్కి మడిచారు. నడుమ ఉన్న లేత పసుపు కాడను వేలితో తాకి చూడండి. వేలికి పుప్పొడి అంటితే పువ్వు సిద్ధంగా ఉన్నట్టు. ఇక ఆడపువ్వు దగ్గరికి. నడుమ మెత్తగా, తడిగా మూడు జతల తమ్మెలు. మగకాడను వాటి మీద ఆనించి, చుట్టూ ఒకసారి మెల్లగా తిప్పండి. నొక్కొద్దు, చాలా నాజూకైన చోటది. మూడు వైపులా అంటాలి. ఒకవైపే అంటితే కాయ వంకర తిరుగుతుంది. ఒక మగపువ్వు రెండు ఆడపూలకు సరిపోతుంది. మూడోదానికి కొత్తది తెంపండి.

అయిపోయింది. ఇంతే పని. కానీ ఈ పనికి గడువు తక్కువ. పొద్దున లేచి చేద్దామనుకుంటే అప్పటికి రేకులు మెత్తబడి వేలాడుతుంటాయి.

మూడో పువ్వుకు అమ్మ ఇంకో పని చేసింది. పుప్పొడి అంటించగానే రేకులు మూసి, పైన దారంతో వదులుగా కట్టింది. కాడకు ఒక ఎర్రదారం గుర్తు. అది విత్తనపు కాయ. ఇంకో ఇంటి పాదు పుప్పొడి ఏదీ అందులో చేరకూడదు.

పక్కన బీరతీగ కూడా ఇదే వేళకు పసుపుపూలు విప్పింది. దానికీ ఇలాగే. మెట్ల మూలనున్న మల్లెకుండీ నుంచి వాసన మొదలైంది. తల తిప్పి చూస్తే మొగ్గలింకా సగమే విచ్చాయి.

"ఆనిగెపుకాయకు, బీరకు పొద్దుగుంకేటప్పుడు. కాకరకు, గుమ్మడికి తెల్లారేటప్పుడు. దోసకు తేనెటీగలే అస్తయి, మనం చేసేదేం లేదు," అని చెప్పుకుంటూ అమ్మ చేతులు కడుక్కుంటోంది. ఆమె బడికి వెళ్లింది ఐదో తరగతి దాకానే. ఈ పూలవేళలన్నీ చౌటుప్పల్ దగ్గర వాళ్ల నాయన పాదుల మధ్య తిరిగి నేర్చుకుంది. ఇన్నేళ్లు నగరంలో వాటితో పనిపడలేదు. మిద్దెమీదికి మట్టి ఎక్కాక మళ్లీ బయటికొచ్చాయి. అమ్మలాంటివాళ్లు ఈ నగరంలో ఎన్ని వేల ఇళ్లలో ఉన్నారో! వాళ్ల చేతికి నాలుగు మడుల మట్టి అందితే చాలు, మనవలకు ఏ పుస్తకమూ చెప్పని వ్యవసాయం కళ్ల ముందు జరుగుతుంది.

నాలుగో రోజు వచ్చి చూస్తే రెండు పిందెలు తలవంచి, కాడ మందమై, నూగు మెరుస్తూ ఉన్నాయి. ఒకటి పసుపెక్కి రాలింది. నిలిచినవాటిని పాత పంచె గుడ్డతో చుట్టేస్తుంది అమ్మ. లేత చర్మం మీద పండు ఈగ గుడ్డు పెట్టిందంటే కాయ లోపల్నుంచి కుళ్లుతుంది. ఎర్రదారం లేనిదానికి రెండు వారాలకు, గోరు దిగేంత లేతగా ఉన్నప్పుడే కోత. పెసరపప్పు వేసి కూర, మిగిలిన తొక్కతో పచ్చడి.

చైత్రం చివర. మధ్యాహ్నం రెండు. ఈ వేళ పైకి రావద్దని అమ్మ చెప్పినా వచ్చారు. చెప్పులు వేసుకునే ఉండండి.

గాలి లేదు. పిట్టగోడ మీద చెయ్యి పెట్టలేరు. సగం మిద్దెకు ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టి ఉంది. దాని కింద పుదీన, వంగ ఎలాగో నిలబడ్డాయి. నెట్ బయట సొరతీగ చూడగానే గుండె గుభేలుమంటుంది. ఆకులన్నీ వడలి, గొడుగులు మూసినట్టు కిందికి వాలిపోయాయి. మీ చెయ్యి పైపు మీదికి పోయింది.

"నీళ్లు పొయ్యకు!" మెట్ల దగ్గర్నుంచి అమ్మ కేక. "మట్టిల ఏలు పెట్టి సూడు ముందుగాల."

వేలు రెండు కణుపుల లోతు దింపండి. తడిగా, చల్లగా ఉంది. పైన పరిచిన ఎండుటాకులూ వరిగడ్డీ ఆ తడిని కాపాడుతున్నాయి. వేరు ఎంత నీరు పంపినా వెడల్పాటి ఆకుల్లోంచి అంతకంటే ఎక్కువ ఆవిరవుతోంది. కాబట్టి ఆకు తనను తాను వాల్చుకుని ఎండ తగిలే మేర తగ్గించుకుంది. ఐదింటికి మళ్లీ లేస్తుంది. ఇప్పుడు పైపు తిప్పితే మొదటి బకెట్టు నీళ్లు సలసల కాగినంత వేడిగా వస్తాయి, అవే వేరును చంపుతాయి. నీళ్లు తెల్లవారకముందే పోయాలి. నాగార్జునసాగర్ నుంచి నడిచొచ్చే కృష్ణా నీళ్లు ఈ వీధికి రోజు విడిచి రోజు వస్తాయి. బియ్యం కడిగినవి, పప్పు కడిగినవి కలుపుకుంటే తప్ప మేలో మడులన్నిటికీ చాలవు.

టమాట మడి దగ్గర మాత్రం చేసేదేం లేదు. కింద చూడండి, పసుపుపూలు కణుపు దగ్గర తెగి రాలి ఉన్నాయి. పగలు 35 దాటి, రాత్రి 24 కంటే దిగనప్పుడు టమాట పుప్పొడి పనిచేయదు. పూత వస్తుంది, రాలుతుంది. రెండు నెట్లు కట్టి, రోజుకు మూడుసార్లు నీళ్లు చిలకరించి వేసవి టమాట కోసం తంటాలు పడేవాళ్లను చూశాను. ఆ నీళ్లు వృథా అని నా అభిప్రాయం. ఎండకాలానికి ఎండను మెచ్చే కూరలున్నాయి. తోటకూర మూడో కోతకొచ్చింది. గోడకు పాకించిన తీగబచ్చలి నిగనిగలాడుతోంది. పుంటికూర నడుము ఎత్తు పెరిగింది. దాని ఆకు ఎండ ముదిరేకొద్దీ పుల్లగా ఉంటుందని అమ్మ మెచ్చుకుంటూ కోస్తుంది. ఎల్లిగడ్డ, ఎండుమిరపకాయలు వేసి నూరిన తొక్కు ఉంటే ఈ నెలంతా టమాట గుర్తుకే రాదు.

ఇంకో కూర ఉంది. దానికోసం రేపు తెల్లారకముందే రండి.

వచ్చారా? ఐదున్నర. ఎవరూ విత్తకుండానే కుండీల అంచుల్లో, మడి మూలల్లో పాకిన గంగవాయిలి. ఎర్రటి కాడ, దళసరి చిన్న ఆకులు. ఒక ఆకు నోట్లో వేసుకోండి. పులుపు నాలుకను లాగుతోంది. ఇదే కొమ్మను సాయంత్రం కొరికితే ఈ పులుపు ఉండదు. నీటి ఎద్దడి పడినప్పుడు ఈ మొక్క పగలు తన ఆకు రంధ్రాలు మూసుకుంటుంది. చల్లటి రాత్రివేళ తెరిచి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది. తెల్లారాక ఎండ తగిలినకొద్దీ ఆ నిల్వను వాడుకుంటుంది. అందుకే అమ్మ పప్పులో వేసే గంగవాయిలిని ఎప్పుడూ పొద్దు పొడవకముందే తెంపుతుంది. చింతపండు తక్కువ పడుతుందని ఆమె చెప్పే కారణం. మాలిక్ ఆమ్లం సంగతి నేను చెబితే విని, "మరి నేను చెప్పిందే గద," అంది.

తిరిగి వెళ్లేటప్పుడు కల్యామాకు చెట్టు దగ్గర ఆగండి. లేత చిగురు మీద పిట్ట రెట్టలా గోధుమ, తెలుపు మచ్చ ఒకటి. పుల్లతో మెల్లగా ముట్టండి. తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి వచ్చి ఘాటు వాసన వేసింది. సీతాకోక గొంగళి. అలాంటివి ఐదున్నాయి, చిగుళ్లన్నీ వాటివే. అమ్మ నాలుగింటిని ఏరి వీధిలోని నిమ్మచెట్టు మీద వదిలి వస్తుంది. ఒకదాన్ని ఇక్కడే ఉంచుతుంది, మనవరాలు చూడటానికి.

వైశాఖం దాటింది, రోహిణి కార్తె. పని ఎక్కువ లేదు, ఉన్నది మాత్రం ముఖ్యమైంది.

ఎర్రదారం కాయ పందిరి మీద గట్టిపడి, గోధుమరంగుకు తిరిగి, ఊపితే గలగలమంటోంది. రెండు చెక్కలుగా కొట్టి, గింజలు రాల్చి, కట్టెల బూడిదలో కలిపి సీసాలో పోసింది అమ్మ. పదేసి గింజలు కాగితంలో చుట్టి, ఒక పొట్లం పక్కింటి ఆమెకు ఇచ్చింది.

"సంక్రాంతికి పెట్టు వదినా. ముందుగాల పెట్టకు, చలికి మొలవది."

"మరి నా కాకర విత్తులు తీసుకోవా? పొట్టి కాకర, చేదెక్కువ," అని ఆమె కొంగుముడి విప్పుతోంది.

టమాట మొక్కలు పీకేయడం మీ వంతు. మొదలు పట్టుకుని లాగండి. వేళ్లు చూడండి, అక్కడక్కడా బుడిపెలు. వేరుముడి నులిపురుగు. కంటికి కనిపించదు, మట్టిలోనే ఉండిపోతుంది. ఇదే మడిలో మళ్లీ టమాట గానీ వంకాయ గానీ పెడితే ముందుకంటే ఎక్కువ పట్టుకుంటుంది. అందుకు మందు కూడా ఈ ఎండలోనే ఉంది. వేళ్ల ముక్కలన్నీ ఏరేయండి. మట్టి తిరగేసి, గడ్డలు చిదిపి, బాగా తడపండి. తడి ఉంటేనే వేడి లోపలికి దిగుతుంది. పైన పారదర్శక పాలిథిన్ పరిచి, అంచుల మీద ఇటుకలు పెట్టి గాలి చొరకుండా మూయండి. వర్షాలు మొదలయ్యేదాకా అలాగే ఉంచాలి. మీరు ఆఖరి ఇటుక పెట్టేసరికే షీటు లోపలి వైపు నీటి బొట్లు పట్టాయి.

"దీంట్ల ఏం పెడదామమ్మా?" అని అడిగాను.

"మృగశిర వానలు పడ్డంక వేపపిండి కలిపి బంతి పెడత. బంతికి ఆ పురుగు తగ్గుతది. చిక్కుడు అవతలి మడిల," అంది అమ్మ, పందిరి కర్రకున్న వదులు తాడు బిగిస్తూ. "నువ్వు ఆ రెండో కొస పట్టు."